డెబ్బై వ్యాసాలు రాసినా ఎంక్వైరీలు రావడం లేదు: సంస్థ బ్లాగును ఆపాలా, పెంచాలా?

కొత్తకలం (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పరిశ్రమలకు ఎయిర్ కంప్రెసర్లు (గాలిని ఒత్తి పీడనంతో అందించే యంత్రాలు) అమ్మి, వాటి సర్వీసు కూడా చూసుకునే ఒక చిన్న సంస్థలో నేను మార్కెటింగ్ బాధ్యతలు చూస్తున్నాను. ఎనిమిది నెలల కిందట మా వెబ్‌సైట్‌లో బ్లాగు ప్రారంభించాం. వారానికి రెండు వ్యాసాల చొప్పున ఇప్పటికి డెబ్బై దాకా ప్రచురించాం. చాలావరకు నేనే రాశాను, కొన్నింటిని బయటి రచయితల చేత రాయించాం. ప్రతి వ్యాసానికీ కీవర్డ్ (జనం గూగుల్‌లో టైపు చేసే మాట) వెతికి, శీర్షికలో, మొదటి పేరాలో, ఉపశీర్షికల్లో అది ఉండేలా చూసుకున్నాం. వ్యాసం వెయ్యి పదాలకు తగ్గకూడదని కూడా ఒక నియమం పెట్టుకున్నాం.

వెబ్‌సైట్‌కు వచ్చేవారి సంఖ్య నెలనెలా పెరుగుతూనే ఉంది, కానీ బ్లాగు చదివి మాకు ఫోన్ చేసినవారు గాని, ఫారం నింపినవారు గాని ఈ ఎనిమిది నెలల్లో ముగ్గురే. వచ్చేవారిలో సగానికి పైగా ‘సంపీడిత గాలి అంటే ఏమిటి’ అనే ఒక్క వ్యాసానికే వస్తున్నారు. ‘పరిశ్రమల్లో కంప్రెసర్ల ప్రాముఖ్యం’, ‘కంప్రెసర్ వాడకం వల్ల పది లాభాలు’, ‘ఆధునిక ఉత్పత్తి రంగంలో గాలి పాత్ర’ వంటి వ్యాసాలను చదివేవారు దాదాపు లేరు.

యాజమాన్యం ముందు ఇప్పుడు రెండు ఆలోచనలు ఉన్నాయి. బ్లాగును పూర్తిగా ఆపేసి ఆ ఖర్చును ప్రకటనలకు మళ్లించాలన్నది ఒకటి. ఏఐ సాధనాల సాయంతో రోజుకు ఒక వ్యాసం చొప్పున పెంచితే ఎప్పటికైనా ఫలితం వస్తుందన్నది రెండవది. నాకు రెండూ సరైనవిగా తోచడం లేదు గాని, వాటికి బదులు ఏం చేయాలో గట్టిగా చెప్పగలిగే అనుభవం నాకు లేదు. ఈ పని చేసి ఫలితం చూసినవారు దారి చూపగలరని కోరుతున్నాను.

దిద్దుబాటు (జవాబు):

కొత్తకలం గారూ, సంస్థల కోసం రాయడం, ఇతరులు రాసినదాన్ని సరిదిద్దడం పదమూడేళ్లుగా నా వృత్తి. మీ ప్రశ్నలో అసలు సంగతి ‘సంపీడిత గాలి అంటే ఏమిటి’ అన్న వ్యాసం దగ్గర ఉంది. ఆ మాటను వెతికేది ఎవరో ఒకసారి ఆలోచించండి. పరీక్షకు చదువుకుంటున్న విద్యార్థి వెతుకుతాడు, పాఠం చెప్పబోయే అధ్యాపకుడు వెతుకుతాడు. కర్మాగారంలో యంత్రాల బాధ్యత చూసే మనిషికి సంపీడిత గాలి అంటే ఏమిటో తెలుసు, తెలిసినదాన్ని ఎవరూ వెతకరు. అంటే మీ వ్యాసం బాగానే పనిచేస్తోంది, కానీ మీ దగ్గర ఎన్నటికీ కొనని మనుషులను తీసుకొస్తోంది. సందర్శకుల సంఖ్య పెరుగుతున్నా ఎంక్వైరీలు పెరగకపోవడానికి కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. ఈ పరిస్థితిలో వ్యాసాల సంఖ్యను మూడింతలు చేస్తే, కొనని మనుషులు మూడింతలు అవుతారు, అంతే.

సంస్థలు పాఠకులకు పనికొచ్చే సమాచారం ఇచ్చి, ఆ నమ్మకం మీద వ్యాపారం చేయడం ఇంటర్నెట్‌తో పుట్టిన పద్ధతి కాదు. అమెరికాలో వ్యవసాయ పనిముట్లు తయారుచేసే జాన్ డీర్ సంస్థ 1895లోనే ‘ది ఫర్రో’ అనే పత్రికను రైతుల కోసం మొదలుపెట్టింది. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది. ఫ్రాన్సులో టైర్లు తయారుచేసే మిషెలిన్ సోదరులు 1900లో వాహనదారుల కోసం ఒక చిన్న మార్గదర్శిని అచ్చువేసి ఉచితంగా పంచారు. టైరు మార్చడం ఎలా, దారిలో ఇంధనం ఎక్కడ దొరుకుతుంది, రాత్రి ఎక్కడ బస చేయవచ్చు అన్నవి అందులో ఉండేవి. అప్పటికి ఆ దేశం మొత్తంలో మూడు వేల కార్లు కూడా లేవు. ఈ రెండింటిలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటే. ‘టైర్ల ప్రాముఖ్యం’ అనో, ‘నాగలి వల్ల పది లాభాలు’ అనో వారు రాయలేదు. తమ వస్తువును వాడే మనిషికి పనిలో ఎదురయ్యే చిక్కులు ఏమిటో తెలుసుకొని, వాటికి జవాబులు రాశారు.

మీ వ్యాసాల పేర్లలో నాకు ఆ మనిషి కనబడలేదు. అతని ప్రశ్నలు ఇలా ఉంటాయి: ట్యాంకులో నీరు ఎందుకు చేరుతోంది? పది యంత్రాలకు ఎంత సామర్థ్యం గల కంప్రెసర్ తీసుకోవాలి? నూనె లేని రకానికి అంత ఎక్కువ ధర పెట్టడం ఏ పనులకు అవసరం, ఏ పనులకు అనవసరం? పాతదాన్ని బాగుచేయించాలా, కొత్తది కొనాలా? ఇవి వెతికేవారు నెలకు ఇరవై మందే ఉండవచ్చు. కీవర్డ్ సాధనాలు వాటి పక్కన సున్నా అని కూడా చూపించవచ్చు. అయినా ఆ ఇరవై మందిలో ఇద్దరు ముగ్గురు కొనుగోలు నిర్ణయానికి దగ్గరగా ఉన్నవారు. మీ వంటి వ్యాపారానికి నెలకు ఇద్దరు అటువంటివారు రావడం చిన్న విషయం కాదు.

ధర గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాదాపు ప్రతి సంస్థా తప్పించుకునే ప్రశ్న అదే. ‘ఒక్కో అవసరానికి ఒక్కో ధర, సంప్రదించండి’ అని రాసి వదిలేస్తారు. కొనేవాడు మొట్టమొదట తెలుసుకోవాలనుకునేది ధరే కాబట్టి, మీరు చెప్పకపోతే చెప్పేవారి దగ్గరికి వెళ్తాడు. ధర ఒకే అంకె కానక్కర లేదు. గాలి పరిమాణం, పీడనం, నూనె వాడకం, గాలిలో తేమ తీసే డ్రైయర్, ట్యాంకు, వారంటీ, వీటిలో ఏది మారితే ధర ఎటు కదులుతుందో వివరించి, తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని హద్దులు చెప్పవచ్చు. దానితో పాటు కంప్రెసర్ జీవితకాలంలో కొన్న ధర కంటే విద్యుత్ ఖర్చే చాలా ఎక్కువ అవుతుందన్న సంగతి లెక్కతో సహా చూపిస్తే, చదివినవాడు చవక యంత్రం కోసం చూడటం మాని సరైన యంత్రం కోసం చూడటం మొదలుపెడతాడు. ఒక్క వ్యాసం రాయడానికే ఓపిక ఉందంటే, నేను ఇదే రాయమంటాను.

ఇక మీ నియమాల సంగతి. వెయ్యి పదాలన్నది వదిలేయండి. పదాల సంఖ్య తమ ర్యాంకింగ్‌లో, అంటే ఫలితాల్లో ఏ పేజీ ముందు రావాలో నిర్ణయించడంలో, అంశం కాదని గూగుల్ పలుమార్లు చెప్పింది. రెండు వందల పదాల్లో తేలే ప్రశ్నను వెయ్యికి సాగదీస్తే చదివేవాడు మధ్యలోనే వెళ్లిపోతాడు.

రోజుకొక వ్యాసం అన్న ఆలోచనను మాత్రం యాజమాన్యానికి గట్టిగా వద్దని చెప్పండి. సారం లేని పేజీలను కుప్పలుగా పోసిన సైట్లను వెనక్కి నెట్టే మార్పును గూగుల్ 2011 ఫిబ్రవరిలోనే తెచ్చింది, దానికి పాండా అని పేరు. 2022 ఆగస్టులో వచ్చిన ‘హెల్ప్‌ఫుల్ కంటెంట్’ మార్పు, వెతుకులాట యంత్రాల కోసమే రాసినట్టున్న రచనల మీద గురిపెట్టింది. ఏఐ వాడటమే తప్పని గూగుల్ అనలేదు. కానీ ర్యాంకుల కోసం పేజీలను భారీ ఎత్తున తయారుచేస్తే, వాటిని మనిషి రాసినా యంత్రం రాసినా, అది స్పామ్ విధానాల ఉల్లంఘనేనని 2024 మార్చిలో స్పష్టం చేసింది. ఇందులో ఇంకో చిక్కు ఉంది. బలహీనమైన పేజీల ప్రభావం వాటికే పరిమితం కాకపోవచ్చు, సైటులోని మంచి పేజీలు కూడా దాని భారం మోయవలసి రావచ్చు.

కాబట్టి ఇప్పుడున్న డెబ్బైని ముందు వడపోయండి. ఒకే విషయం చెబుతున్నవాటిని ఒకటిగా కలిపి, పాత చిరునామాలను 301 రీడైరెక్ట్‌తో (శాశ్వత మళ్లింపుతో) కొత్తదానికి మళ్లించండి. ఎవరికీ పనికిరానివాటిని తీసేయండి. ‘సంపీడిత గాలి’ వ్యాసాన్ని అలాగే ఉంచండి, విద్యార్థులకు మేలు జరుగుతోంది, మీకు నష్టం లేదు. కానీ దాని సందర్శకుల సంఖ్యను మీ విజయాల లెక్కలో కలపకండి.

సర్వీసుబల్ల (జవాబు):

పైన దిద్దుబాటు గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. అయితే ఆ ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయన్నదే కష్టమైన భాగం, దాని గురించి నాకు తెలిసింది చెబుతాను. నేను రచయితను కాను. యంత్రాల సర్వీసు విభాగంలో ఫోన్లు ఎత్తి జవాబులు చెప్పడమే చాలా ఏళ్లు నా ఉద్యోగం. ఆ తరువాత మా సంస్థ బ్లాగుకు సమాచారం అందించే పని నాకు వచ్చింది.

మార్కెటింగ్ వారు మొదట్లో మా దగ్గరికి వచ్చి ‘ఏ అంశాల మీద రాస్తే బాగుంటుంది’ అని అడిగేవారు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు ఉండేది కాదు, ఎందుకంటే మేం అంశాల రూపంలో ఆలోచించం. ఒకరోజు ఒకామె వచ్చి ‘నిన్న ఎవరెవరు ఫోన్ చేశారు, ఏమన్నారు’ అని అడిగి, మేం చెప్పింది మాటకు మాట రాసుకుంది. పని అక్కడ మొదలైంది. వినియోగదారుడు ‘పీడన పతనం’ అనడు, ‘మధ్యాహ్నం అయ్యేసరికి గాలి చాలడం లేదు’ అంటాడు. వెతికేటప్పుడూ ఇంచుమించు అదే మాట టైపు చేస్తాడు. శీర్షికగా ఆ మాటనే పెట్టాలి.

మీ రంగానిదే ఒక ఉదాహరణ చెబుతాను. గాలి చాలడం లేదని, పెద్ద కంప్రెసర్ కావాలని అడిగేవారిలో చాలామందికి నిజానికి కావలసింది పెద్ద కంప్రెసర్ కాదు. గొట్టాల కీళ్ల దగ్గర, కప్లింగుల దగ్గర గాలి కారిపోతుంటుంది. సరిగా చూసుకోని ప్లాంట్లలో తయారైన గాలిలో ఇరవై నుంచి ముప్పై శాతం దాకా ఇలా లీకుల్లో పోవడం అసాధారణమేమీ కాదు. దీన్ని కనిపెట్టడానికి ఖరీదైన పరికరం కూడా అక్కర లేదు. పని లేని రోజున గాలి వాడే యంత్రాలన్నీ ఆపేసి, కంప్రెసర్‌ను మాత్రం నడిపించి, అది లోడులో (గాలి నింపుతూ) ఎంతసేపు ఉంటోంది, అన్‌లోడులో (గాలి నింపకుండా) ఎంతసేపు ఉంటోంది అన్నది గడియారంతో చూడాలి. లోడు సమయాన్ని రెండు సమయాల మొత్తంతో భాగించి నూరుతో హెచ్చిస్తే లీకు శాతం వస్తుంది. రెండు నిమిషాలు లోడు, ఆరు నిమిషాలు అన్‌లోడు అయితే, ఆ కంప్రెసర్ సామర్థ్యంలో నాలుగో వంతు వృథాగా పోతోందన్నమాట. కారిపోతున్న గాలిని పూరించడానికి పీడనం పెంచడం ఇంకొక పొరపాటు. సుమారు ఏడు బార్ల (బారు పీడనానికి కొలత) వద్ద నడిచే వ్యవస్థలో ఒక్క బారు పెంచితే విద్యుత్ వాడకం ఏడు శాతం దాకా పెరుగుతుంది, పీడనం పెరిగినకొద్దీ లీకులు కూడా పెరుగుతాయి.

ఇదంతా వ్యాసంగా రాస్తే, పెద్ద కంప్రెసర్ కొందామని వచ్చిన మనిషి కొనకుండా వెళ్లిపోతాడు కదా అని మా అమ్మకాల విభాగం చాలా అభ్యంతరపెట్టింది. కొందరు నిజంగానే కొనకుండా వెళ్లారు. కానీ లెక్క వేసి చూసుకొని లీకు ఉందని తెలిసినవాళ్లు, దాన్ని సరిచేయడానికి ఎవరిని పిలుస్తారు? చెప్పినవాడినే పిలుస్తారు. తరువాత యంత్రం మార్చే రోజు వచ్చినప్పుడు కూడా ఆ పేరే గుర్తుంటుంది. తన సరుకు ఎవరికి అక్కర లేదో చెప్పగలిగిన సంస్థను, ఎవరికి కావాలో చెప్పినప్పుడు కూడా నమ్ముతారు. నేను సర్వీసు విభాగంలో ఉన్నంత కాలం ఇది కళ్లారా చూశాను.

రాసే విధానం గురించి కూడా ఒక మాట. మా వంటివారిని వ్యాసం రాసి ఇమ్మని అడగకండి, ఎప్పటికీ రాదు. వారానికి ఒక గంట మాట్లాడమనండి, అనుమతి తీసుకొని రికార్డు చేయండి. ‘ఇది ఎలా తెలిసింది’, ‘మీరు చూసినవాటిలో ఇలా జరగనిది ఉందా’, ‘కొత్తగా చేరిన మెకానిక్ ఇక్కడ ఏ పొరపాటు చేస్తాడు’ అని అడగండి. ఆ గంట నుంచి ఒక వ్యాసం, ఒక్కోసారి రెండు వస్తాయి. అచ్చువేసే ముందు చెప్పిన మనిషికి చూపించి సరిచేయించండి. పీడనాన్ని, పరిమాణాన్ని కలిపేసి రాసిన వ్యాసం ఒకటి మా సైట్‌లో రెండు నెలలు ఉండిపోయింది. దాన్ని గమనించింది మా పాత వినియోగదారుడే. మేం ఎంత సిగ్గుపడ్డామో చెప్పలేను.

కొత్తకలం:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. లీకు లెక్క మా సర్వీసు వారికి నిత్యం తెలిసిందే, అయినా మా డెబ్బై వ్యాసాల్లో ఎక్కడా లేదు. ఈ ఒక్క సంగతి చాలు, మేం ఎవరితో మాట్లాడకుండా రాస్తున్నామో తెలియడానికి.

రెండు సందేహాలు మిగిలాయి. ధరలు రాస్తే పోటీ సంస్థలు చూసి అంతకంటే తక్కువ చెబుతాయని మా యాజమాన్యం భయపడుతోంది. దీనికి ఏం చెప్పాలి? రెండవది, నెలకు ఇరవై మంది చదివే వ్యాసాలు రాస్తే, వాటి ఫలితాన్ని ఏ కొలమానంతో చూపించాలి? ఇంతకాలం సందర్శకుల సంఖ్యనే నివేదికలో చూపిస్తూ వచ్చాను.

ఉత్తరాలపెట్టె (జవాబు):

ఆ రెండు సందేహాలకు దిద్దుబాటు గారే బాగా చెప్పగలరు. ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని ఒక భాగం గురించి నేను రాస్తాను. అందరూ పాఠకుడు గూగుల్ నుంచే వస్తాడనుకొని మాట్లాడుతున్నారు. నా అభిప్రాయంలో అది బలహీనమైన పునాది.

నేను పనిచేసిన ఒక సంస్థ సైటుకు దాదాపు అందరూ వెతుకులాట నుంచే వచ్చేవారు. గూగుల్ తన ర్యాంకింగ్ పద్ధతిలో చేసిన పెద్ద మార్పు, అంటే కోర్ అప్‌డేట్, తరువాత ఆ రాక సగానికి పడిపోయింది. మేం చేసిన తప్పు ఏమిటో ఈ రోజుకీ కచ్చితంగా తేలలేదు. ఇప్పుడు దానికి మరొకటి తోడైంది. 2024 మేలో అమెరికాతో మొదలుపెట్టి గూగుల్ తన ఫలితాల పైన ఏఐ ఓవర్‌వ్యూ పేరుతో తానే జవాబు చూపిస్తోంది. ‘అంటే ఏమిటి’ తరహా ప్రశ్నలకు జవాబు అక్కడే దొరికిపోతే, కింద ఉన్న లంకెను నొక్కవలసిన అవసరం పాఠకుడికి ఉండదు. మీ ‘సంపీడిత గాలి’ వ్యాసానికి వచ్చేవారు కూడా ముందుముందు తగ్గవచ్చు. అనుభవం నుంచి మాత్రమే రాయగలిగినవి, సర్వీసుబల్ల గారు చెప్పిన లీకు లెక్క వంటివి, ఈ మార్పును కొంత మెరుగ్గా తట్టుకుంటాయని నా అంచనా.

అందుకని మొదటి రోజు నుంచే ఈమెయిల్ జాబితా ఒకటి కట్టండి. మీ పాత వినియోగదారులు, కొటేషన్ తీసుకొని కొనకుండా ఆగినవారు, సర్వీసు ఒప్పందంలో ఉన్నవారు, వీరిలో మీ ఉత్తరం కావాలని ఒప్పుకున్నవారిని మాత్రమే చేర్చండి. జాబితాలు కొనవద్దు. నెలకు ఒక ఉత్తరం చాలు. అందులో ఒక సమస్య, దాని పరిష్కారం, పూర్తి వ్యాసానికి లంకె ఉంటే సరిపోతుంది. నాలుగు వందల మంది ఉన్న జాబితా చిన్నదిగా కనిపిస్తుంది గాని, వారందరూ కంప్రెసర్ ఉన్నవారే. మీ వ్యాసం మొదటి రోజే సరైన మనుషుల చేతికి చేరుతుంది, ర్యాంకు కోసం నెలల తరబడి ఎదురుచూడనక్కర లేదు.

సాంకేతికంగా కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవారికి జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలు కఠినం చేశాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అమరికలు (మెయిల్ నిజంగా పంపినవారి నుంచే వచ్చిందని రుజువు చేసేవి) ఉండాలి, ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలు ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతాన్ని చేరకూడదు. జీమెయిల్ పెద్ద ఎత్తు అని చెప్పేది రోజుకు ఐదు వేల మెయిళ్లు పంపేవారి గురించి. మీరు దానికి చాలా దూరంలో ఉన్నా, ఈ అమరికలు చేయించుకుంటే మీ కొటేషన్ మెయిళ్లు కూడా స్పామ్ పెట్టెలో పడకుండా ఉండే అవకాశం పెరుగుతుంది. ఎంతమంది తెరిచారన్న లెక్కను మాత్రం నమ్మకండి. ఆపిల్ 2021లో తెచ్చిన మెయిల్ గోప్యతా ఏర్పాటు వల్ల, మనిషి తెరవని ఉత్తరం కూడా తెరిచినట్టు నమోదు కావచ్చు. ఎంతమంది లంకె నొక్కారు, ఎంతమంది తిరిగి జవాబు రాశారు అన్నవి చూడండి. నా దృష్టిలో తిరిగి వచ్చిన జవాబులు అన్నిటికంటే విలువైనవి, ఎందుకంటే తరువాతి వ్యాసానికి కావలసిన ప్రశ్న తరచుగా అందులోనే ఉంటుంది.

దిద్దుబాటు (జవాబు):

ఉత్తరాలపెట్టె గారి మాట సబబైనది, నేను అది వదిలేయకుండా ఉండవలసింది. వెతుకులాట మీద మాత్రం ఆశ వదులుకోవద్దు. యంత్రం ఆగిపోయి పని నిలిచిన మనిషి ఉత్తరం కోసం ఎదురుచూడడు, వెతుకుతాడు.

పోటీదారుల భయం గురించి: మీ పోటీ సంస్థలకు మీ ధరలు ఇప్పటికే తెలుసు. ఒకే కొనుగోలుదారుడు ఇద్దరి దగ్గరా కొటేషన్ తీసుకుంటాడు, ఒకరి కాగితం ఇంకొకరికి చూపిస్తాడు. దాచడం వల్ల ధర తెలియకుండా పోయేది కొనేవాడికి మాత్రమే. ఇంకా సంకోచం ఉంటే అంకెలు లేకుండా, ధరను నిర్ణయించే అంశాలతోనే మొదటి వ్యాసం రాయండి. అది వచ్చాక అమ్మకాల వారికి వచ్చే ఫోన్లలో తేడా ఉందో లేదో మూడు నెలలు చూసి, తరువాత హద్దులు చేర్చండి. యాజమాన్యాన్ని ఒక్కసారిగా ఒప్పించడం కంటే ఇది సులభం.

కొలమానం గురించి నా పద్ధతి చెబుతాను. సందర్శకుల మొత్తాన్ని నివేదిక మొదటి పేజీ నుంచి తీసేయండి. ఫోన్ చేసిన ప్రతి కొత్త మనిషినీ ‘మా గురించి ఎలా తెలిసింది, మా సైట్‌లో ఏమైనా చదివారా’ అని అడిగి రాసుకునే అలవాటు పెట్టించండి. ఏ అనలిటిక్స్ సాధనమూ ఈ ప్రశ్నకు సాటి రాదు. ఒకరు వ్యాసం చదివి, సహోద్యోగికి పంపి, ఆ సహోద్యోగి నెల తరువాత ఫోన్ చేస్తే, సాధనం దాన్ని పట్టుకోలేదు. రెండవది, అమ్మకాల వారు తమంతట తాముగా ఎన్ని వ్యాసాల లంకెలను కొనబోయేవారికి పంపారో లెక్కపెట్టండి. కొటేషన్‌తో పాటు పంపదగిన వ్యాసం, దానికి వెతుకులాట నుంచి ఒక్కరూ రాకపోయినా, తన పని తాను చేసినట్టే. గత ఏడాది నేను దిద్దిన వ్యాసాల్లో ఎక్కువ ఒప్పందాలకు తోడ్పడినది, నెలకు పదిహేను మంది మాత్రమే చూసిన ఒక పోలిక పట్టిక.

మీ సైటు గూగుల్ వెతుకులాటలో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ సాధనం సెర్చ్ కన్సోల్‌ను మాత్రం నెలకు ఒకసారి తెరవండి. అందులో పేజీల జాబితా కంటే ప్రశ్నల జాబితా చూడండి. మీ పేజీ పది నుంచి ఇరవై స్థానాల మధ్య కనిపిస్తూ, ఎవరూ నొక్కని ప్రశ్నలు అక్కడ ఉంటాయి. చాలాసార్లు ఆ ప్రశ్నకు మీ పేజీలో అరకొర జవాబు ఉండటమే కారణం. కొత్త వ్యాసం రాయడం కంటే ఆ జవాబును పూర్తిచేయడం తక్కువ శ్రమ. సెర్చ్ కన్సోల్ పదహారు నెలల సమాచారమే ఉంచుతుంది కాబట్టి, ఇప్పటి నుంచే ప్రతి నెలా ఒక ప్రతి దించుకొని దాచండి. వచ్చే ఏడాది పోల్చి చూసుకోవడానికి అవసరమవుతుంది.

కొత్తకలం:

ఈ మూడు వారాల్లో చేసినవి చెప్పి, ఇంకొక చిన్న ప్రశ్న అడుగుతాను. సర్వీసు విభాగంలో ఇద్దరితో నాలుగు గంటలు కూర్చున్నాను. యాభై మూడు ప్రశ్నలు వచ్చాయి, వాటిలో ఆరు ప్రశ్నలకు మాత్రమే మా సైట్‌లో ఏదో ఒక జవాబు ఉంది. పాత వ్యాసాల్లో ముప్పై ఎనిమిదింటిని తీసేయడానికి, పందొమ్మిదింటిని ఐదుగా కలపడానికి యాజమాన్యం ఒప్పుకుంది. రోజుకొక వ్యాసం అన్న మాట ఆగింది. నెలకు మూడు చొప్పున రాస్తాం, మొదటిది లీకు లెక్క, రెండవది ట్యాంకులో నీరు, మూడవది ధర. మూడవదానిలో అంకెలు ఇంకా ఉండవు.

మిగిలిన ప్రశ్న ఇది. లీకు లెక్క చెప్పిన మా సీనియర్ మెకానిక్ పేరును వ్యాసం కింద పెట్టాలని నేను కోరుకుంటున్నాను. రాసింది నేను కాబట్టి నా పేరు ఉండాలని మా సంస్థవారు అంటున్నారు. ఆ మెకానిక్ మాత్రం తన పేరు ఎందుకని మొహమాటపడుతున్నారు.

సర్వీసుబల్ల (జవాబు):

ఆయన పేరే పెట్టండి, ఆయన ఒప్పుకుంటేనే. ‘చెప్పినవారు’ అని ఆయన పేరు, ఎన్నేళ్లుగా ఏ యంత్రాల మీద పనిచేస్తున్నారో ఒక వాక్యం, దాని కింద ‘రాసినవారు’ అని మీ పేరు ఉంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. చదివేవాడికి ఈ మాట యంత్రం పక్కన నిలబడి పనిచేసిన మనిషి చెప్పిందన్న సంగతి తెలియాలి. గూగుల్ కూడా తన నాణ్యతా మార్గదర్శకాల్లో నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయతల సరసన ‘అనుభవం’ అన్నదాన్ని 2022 డిసెంబరులో చేర్చింది. నేను మాత్రం ఆ కారణంతో చెప్పడం లేదు. మా సైట్‌లో మొదటిసారి నా పేరు వచ్చినప్పుడు నేనూ మొహమాటపడ్డాను. తరువాతి వారం ఒక వినియోగదారుడు ఫోన్ చేసి నన్నే పేరుతో అడిగారు, ఆ రోజు నుంచి వారానికి ఒక గంట మాట్లాడమని నన్ను ఎవరూ బతిమాలవలసిన అవసరం రాలేదు. అచ్చువేసే ముందు ఆయన చేత ఒకసారి చదివించడం మాత్రం మరవకండి.